డయోడు లీకేజీ కరెంటు: స్పైస్ నమూనా

డయోడును తిరగేసి కట్టినా అందులోంచి కాస్త కరెంటు కారుతూనే ఉంటుంది. అదే లీకేజీ. 1973లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో లారెన్స్ నేగల్, డొనాల్డ్ పెడర్సన్ వెలువరించిన సర్క్యూట్ సిమ్యులేటరు స్పైస్, దాని వారస సాఫ్ట్‌వేర్లు ఈ కరెంటుకు చూపే అంకెను ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. నమూనాలోని సంతృప్త కరెంటు, అంటే ఐఎస్, సాధారణంగా ముందు దిశ కొలతలకు సరిపోయేలా ఎంచినది. పైగా లెక్క తెగడం కోసం స్పైస్ ప్రతి సంధికీ సమాంతరంగా జీమిన్ అనే చిన్న వాహకతను తగిలిస్తుంది. 20 వోల్టుల వద్ద దాని వాటా 20 పికో ఆంపియర్లు. ఏమీ మార్చని డయోడు ఐఎస్ 0.01 పికో ఆంపియరే. అంటే తెర మీద కనిపించేది దాదాపుగా సాఫ్ట్‌వేర్ సొంత లీకేజీ!

నానో ఆంపియర్లకు ఇంత రాద్ధాంతమెందుకని అడగవచ్చు. 1ఎన్4148 అనే డయోడు డేటాషీటు 20 వోల్టులకు గరిష్ఠంగా 25 నానో ఆంపియర్లంటుంది. ఒక నానో ఫారడ్ కెపాసిటర్ పట్టి ఉంచిన వోల్టేజీని అది మిల్లీసెకనుకు 25 మిల్లీవోల్టులు దించేస్తుంది. గరిష్ఠ విలువ అసలు విలువ కాదనే అభ్యంతరం న్యాయమే. అయినా డిజైను తట్టుకోవాల్సింది దాన్నే. అందుకే నమూనాలో డయోడుకు సమాంతరంగా, 20 వోల్టులకు ఆ 25 నానో ఆంపియర్లే పారించే 800 మెగా ఓముల రెసిస్టరు పెట్టి చూడటం మేలు. ఉష్ణోగ్రత మారితే ఆ విలువా మార్చాలి: సిలికాన్ లీకేజీ సుమారు ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. పాచిపెంట కొండల్లో సోలార్ దీపానికి షాట్కీ డయోడు వాడితే బ్యాటరీ వెనక్కి కారేది రాత్రి చలిలోనే. అక్కడ స్పైస్ 27 డిగ్రీల డిఫాల్టు లెక్క కాస్త ఎక్కువే చూపుతుంది.