బటన్‌కి అవతల ఎవరున్నారు?

అమెరికాలో చదువుకున్న మనవాళ్ళలో చాలామందికి ఆ నీలం దీపపు స్తంభాలు గుర్తుండే ఉంటాయి. లైబ్రరీ పక్కన, పార్కింగ్ లాట్ చివర, హాస్టల్‌కి వెళ్ళే దారిలో నిలబడి ఉంటాయి. పైన నీలం లైటు, మధ్యలో ఒక బటన్. భయమేస్తే నొక్కండి, క్యాంపస్ పోలీసులు వస్తారు అని మొదటి వారంలోనే చెప్తారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు వచ్చాక కొన్ని యూనివర్సిటీలు వాటిని తీసేస్తున్నాయి. స్తంభం పోయి యాప్ వచ్చింది.

ఆడవాళ్ళు బయట నిర్భయంగా తిరగడానికి ఏదో ఒక వస్తువు కనిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఈ స్తంభాల కంటే చాలా పాతది. ఆ వస్తువుల చరిత్ర చదువుతూ పోతే ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఆమె సాయం అడిగినప్పుడు అటువైపు పలికేది ఎవరు?

మొట్టమొదటి వస్తువుని ఎవరూ అందుకోసం తయారుచెయ్యలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆడవాళ్ళు పెద్ద పెద్ద టోపీలు పెట్టుకునేవాళ్ళు. అవి ఊడిపోకుండా జుట్టులోకి గుచ్చే పొడవాటి ఉక్కు పిన్నే హ్యాట్‌పిన్. అదే కాలంలో అమ్మాయిలు ఉద్యోగాలకనీ, షాపింగ్‌కనీ ఒంటరిగా వీధుల్లోకి రావడం పెరిగింది. 1903 మే నెలలో కాన్సస్ నుంచి న్యూయార్క్ చూడ్డానికొచ్చిన లియోటి బ్లేకర్ అనే యువతి ఫిఫ్త్ అవెన్యూ మీద గుర్రపు బండి ఎక్కింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి మీదమీదకి జరుగుతూ చెయ్యి వేసేసరికి టోపీలోంచి పిన్ను లాగి అతని చేతిలో దించింది. పత్రికలు ఆమె కథని ఇష్టంగా రాసుకున్నాయి. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో పిన్నీసు చేతిలో పట్టుకుని నిలబడ్డ మన అక్కలకీ, పిన్నులకీ ఈ విద్య కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1910 మార్చిలో షికాగో నగర పాలకులు తొమ్మిది అంగుళాలు మించిన హ్యాట్‌పిన్ పెట్టుకోకూడదని చట్టం చేశారు. తప్పితే 50 డాలర్ల జరిమానా. పిన్ను మొన తగిలి దారినపోయేవాళ్ళకి గాయాలవుతున్నాయన్నది వాళ్ళ వాదన, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ చర్చలోనే ఒకావిడ లేచి, మా పిన్నులు తీసుకోవాలంటే ముందు వీధుల్ని మాకు భద్రంగా చేసి చూపించండి అని అడిగింది. పిన్ను పొడవు కొలవడానికి చట్టం వచ్చింది కానీ, ఆమె అడిగినదానికి కొలబద్ద ఏదీ రాలేదు.

సరిగ్గా అదే రోజుల్లో ఇంకో ప్రయోగం జరిగింది. జెర్సీ సిటీలో ఉంటూ మన్‌హాటన్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళు రోజూ ఎక్కే పాత్ రైళ్ళనే అప్పట్లో హడ్సన్ ట్యూబ్స్ అనేవాళ్ళు. 1909లో రద్దీ వేళల్లో అందులో ఒక పెట్టెని ఆడవాళ్ళకి ప్రత్యేకించారు. మహిళా సంఘాల నుంచి కొందరు గట్టిగా అడిగితే వచ్చిన ఏర్పాటు అది. దానిమీద ఆడవాళ్ళలోనే రెండు అభిప్రాయాలు ఉండేవి. వేరే పెట్టె ఇస్తే మిగతా రైలంతా మగవాళ్ళదని ఒప్పుకున్నట్టే కదా అన్నవాళ్ళూ ఉన్నారు. కొన్ని నెలలకే దాన్ని ఎత్తేశారు. మన సిటీ బస్సుల్లో ‘స్త్రీలకు మాత్రమే’ అని రాసిన సీట్ల దగ్గర ఇప్పటికీ ఈ తగువు తెగలేదు.

ఇక్కణ్ణించి 1960ల దాకా వచ్చేద్దాం. కథ నిజంగా మలుపు తిరిగింది న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో. 1964 మార్చి 13 తెల్లవారుజామున, పని ముగించుకుని ఇంటికొస్తున్న కిటీ జెనొవీస్ అనే 28 ఏళ్ళ యువతిని క్యూ గార్డెన్స్‌లో ఆమె ఇంటి దగ్గరే ఒకడు కత్తితో పొడిచి చంపాడు. 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. సైకాలజీ పుస్తకాల్లోకి కూడా ఎక్కిన ఈ లెక్క అతిశయోక్తి అని తర్వాత తేలింది. 2016లో ఆ పత్రికే తన పాత కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది. చాలామందికి ఏం జరుగుతోందో పూర్తిగా కనబడలేదు. ఒక పొరుగావిడ కిందకి పరుగెత్తుకొచ్చి కిటీని ఒడిలోకి తీసుకుంది.

జనం మనసుల గురించి అంత రాసిన ప్రపంచం, ఫోన్ల గురించి తక్కువ రాసింది. అప్పట్లో అమెరికా అంతటికీ ఒకే అత్యవసర నంబరంటూ లేదు. సున్నా తిప్పి ఆపరేటర్‌ని బతిమాలుకోవాలి, లేదా ఆ పేట స్టేషన్ నంబరు తెలిసి ఉండాలి. దేశమంతటికీ ఒకే నంబరు ఉండాలని 1967లో అధ్యక్షుడు నియమించిన కమిషన్ సిఫార్సు చేసింది. 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో మొదటి 911 కాల్ మోగింది. పోలీస్ స్టేషన్లో పెట్టిన ఎర్ర ఫోన్‌ని ఎత్తి ఒక మనిషి హలో అన్నాడు. ఆ మూడంకెల నంబరులోని కొత్తదనమంతా నా దృష్టిలో ఆ హలోలోనే ఉంది. ఏ వేళ మోగినా ఎత్తాల్సిన మనిషి, ఎత్తినందుకు జీతం, ఎత్తకపోతే సంజాయిషీ.

అదే క్వీన్స్‌లో, క్యూ గార్డెన్స్‌కి కొద్ది మైళ్ళ దూరంలోని జమైకాలో, మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. ఆమె డ్యూటీ ఒక వేళ, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్ డ్యూటీ ఇంకో వేళ. అర్ధరాత్రి ఎవరో తలుపు తడితే ఇంట్లో ఒక్కత్తే. ఆ పేటకి పోలీసులు పిలిచిన వెంటనే వచ్చే రకం కాదు. అందుకని 1966లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక పరికరానికి పేటెంట్ అడిగారు. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కంతలు, వాటి వెనక పైకీ కిందకీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ, బయటి మనిషితో మాట్లాడ్డానికి మైకు, కూర్చున్నచోటు నుంచే తలుపు గడియ తీసే స్విచ్, సాయం పిలవడానికి ఇంకో బటన్. 1969 డిసెంబర్ 2న పేటెంట్ వచ్చింది. ఇవాళ మన గుమ్మాలకి తగిలించుకునే వీడియో డోర్‌బెల్‌కి తాతమ్మ ఇది. ఎవరో తన కోసం ఊహించింది కాకుండా, భయం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి తనే కూర్చుని గీసుకున్న డిజైన్ కావడం వల్లనేమో, అందులో అనవసరమైన ముక్క ఒక్కటి కూడా కనిపించదు.

దాదాపు అదే ఏడాదుల్లో పిట్స్‌బర్గ్‌లో ఇంకో దంపతులు. డోరిస్ లిట్‌మన్‌తో పాటు పనిచేసే ఒక టీచరమ్మని వీధిలో దోచుకున్నారు. హ్యాండ్‌బ్యాగులో పట్టే ఆయుధం ఏదైనా ఉంటే బాగుండునన్న ఆలోచనతో ఆమె భర్త అలన్ మేస్ అనే స్ప్రే కనిపెట్టాడు. ఇప్పటి పెప్పర్ స్ప్రేలో మందు వేరు కానీ, వరస అదే. ఆడవాళ్ళ బ్యాగుల కోసం పుట్టిన ఆ డబ్బా రెండుమూడేళ్ళు తిరక్కుండానే పోలీసుల నడుములకెక్కింది. ఊరేగింపుల్లో నిరసనకారుల కళ్ళల్లో పడింది. ఎవరి కోసం కనిపెట్టామన్నది మన చేతిలో ఉంటుంది. ఎవరి చేతికి పోతుందన్నది ఉండదు.

1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో 19 ఏళ్ళ జీన్ క్లెరీని ఆమె హాస్టల్ గదిలోనే ఇంకో విద్యార్థి అత్యాచారం చేసి చంపాడు. ఆ భవనం తలుపులకి వాటంతటవే పడే తాళాలున్నాయి. మాటిమాటికీ తీసుకోవడం విసుగని ఎవరో తలుపులు మూసుకోకుండా అడ్డం పెడితే, అతను మూడు తలుపులు దాటి లోపలికొచ్చాడు. అంతకుముందు మూడేళ్ళలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని తల్లిదండ్రులకి తర్వాత తెలిసింది. పిల్లలకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఇంకా గట్టి తాళం కావాలని అడగలేదు, నిజం చెప్పమని అడిగారు. వాళ్ళ పోరాటంతో 1990లో చట్టం వచ్చింది. ఏటా నేరాల లెక్క ప్రకటించాలి, ప్రమాదం ఉంటే వెంటనే హెచ్చరించాలి. రాత్రిపూట మన పిల్లల ఫోన్లకి యూనివర్సిటీ నుంచి వచ్చే ఆ హెచ్చరిక వెనక ఉన్నది ఈ చట్టమే.

తర్వాత ఫోన్ల కాలం. 2011లో అమెరికా ప్రభుత్వం పోటీ పెడితే గెలిచిన వాటిలో సర్కిల్ ఆఫ్ సిక్స్ అనే యాప్ ఒకటి. ఆరుగురు స్నేహితుల్ని ఎంచుకుంటే, రెండు సార్లు తాకగానే ‘వచ్చి తీసుకెళ్ళు’ అన్న మెసేజ్, నువ్వున్న చోటుతో సహా వాళ్ళకి వెళ్ళేది. 2018లో అను, నవీన్ జైన్ దంపతుల పేరిట జరిగిన మహిళా భద్రత ఎక్స్‌ప్రైజ్‌లో పది లక్షల డాలర్లు ఢిల్లీ కంపెనీ లీఫ్ వేరబుల్స్‌కి దక్కాయి. ఎవరికీ తెలియకుండా 90 సెకన్లలో హెచ్చరిక పంపాలన్నది నిబంధన. గొప్ప ఇంజినీరింగే. కానీ 90 సెకన్లలో చేరాల్సింది మెసేజ్. మనిషి ఎన్ని సెకన్లలో చేరాలో ఏ పోటీ నిబంధనలూ చెప్పలేవు.

దాని ఖరీదు తెలుగువాళ్ళకి బాగా తెలుసు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్ ప్లాజా దగ్గర, మనం తర్వాత ‘దిశ’ అని పిలుచుకున్న ఆ అమ్మాయి దగ్గర ఫోన్ ఉంది. భయమేస్తోందని చెల్లెలికి చెప్పింది కూడా. హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలై అప్పటికి ఐదేళ్ళు. ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి పరుగెత్తితే, ఇది మా పరిధి కాదన్న మాట వినాల్సొచ్చింది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి అప్పటికే ఉంది. ఆలస్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. చెల్లెలికి కాక 100కి ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి హోం మంత్రి అన్నారు. కొన్ని నెలలకే ఆంధ్రలో దిశ పేరుతో యాప్ వచ్చింది. తప్పు జరిగింది స్టేషన్ బల్ల దగ్గరైతే, మందు మళ్ళీ ఆమె ఫోన్లోనే వేశాం.

మా ఐటీ ఉద్యోగాల్లో ఆన్-కాల్ అని ఒక ఏర్పాటుంటుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే డ్యూటీలో ఉన్నవాడి ఫోన్ మోగుతుంది. కొన్ని నిమిషాల్లో అతను పలక్కపోతే తర్వాతి మనిషికి, అతనూ పలక్కపోతే మేనేజర్‌కి వెళ్తుంది. ఎవరు ఎప్పుడు పలికారో అంతా రికార్డవుతుంది. తెల్లారాక ఆలస్యం ఎందుకైందో రాతపూర్వకంగా చెప్పాలి. అందులో కష్టమైన టెక్నాలజీ ఏమీ లేదు. సర్వర్ పడిపోతే కంపెనీకి డబ్బు పోతుంది కాబట్టి, పలికే బాధ్యతని ముందే పేరుపేరునా రాసి పెట్టుకుంటాం. బటన్ నొక్కిన అమ్మాయి కోసం కూడా అలాంటి జాబితా ఒకటి ఉండాలనీ, అందులో మొదటి పేరు ఎవరిదో, వాళ్ళు పలక్కపోతే తర్వాత ఎవరో జనానికి తెలియాలనీ అడగడం పెద్ద కోరిక కాదు. షికాగోలో ఆవిడ 1910లోనే అడిగింది.