పెరటి కాగు నుంచి రాగి బాయిలర్ దాకా

పెద్దారవీడు, మార్కాపురం పల్లెల్లో స్నానానికి నీళ్లు కాచే పొయ్యి పెరట్లో ఉండేది. మూడు రాళ్ల మీద మొదట మట్టి కాగు, తర్వాత రాగి కాగు, ఇత్తడి అండా ఎక్కాయి. కంది కట్టె, ఆముదపు కట్టె, ఎండు కంప మంటకు పనికొచ్చేవి. 1870ల చివర్లో కడప ప్రాంతంలో నాటిన సర్కారు తుమ్మ క్రమంగా ఈ మెట్ట నేలల్లోనూ పాకి వంటచెరకు కొరత తీర్చింది, పొలాలనూ ఆక్రమించింది.

కలిగిన ఇళ్లకు తర్వాత రాగి బాయిలర్ వచ్చింది. నిలువు పాత్ర నడుమ గొట్టంలో కట్టెలు మండుతాయి. అడుగు జల్లెడ నుంచి బూడిద రాలుతుంది. చుట్టూ నీరు కాగుతుంది. గరాటులో బిందెడు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు చేరి, అంతే వేణ్ణీళ్లను పై మూతి నుంచి బయటికి నెడతాయి. వేడినీరు తేలికై పైకి చేరడమే ఇందులోని కిటుకు.

ఇలాంటి బాయిలర్‌ను ఇంటి కొళాయిలకు కలిపితే, మిద్దె మీది తొట్టి నీరు దాని అడుగున చేరాలి, వేడినీరు పైనుంచి బయలుదేరాలి. ఆవిరి పోయే గొట్టం ఎప్పుడూ తెరిచే ఉండాలి. మూసుకుపోతే పాత్ర పగిలే ప్రమాదం ఉంది. చలి దేశాల్లో ఆరుబయటి కట్టెల బాయిలర్ నీటిని మోటారు ఇంట్లోకి తిప్పి గదులను వెచ్చబరుస్తుంది. నేడు పల్లె డాబాల మీది సోలార్ హీటర్‌లో మంట స్థానాన్ని ఎండ తీసుకుంది.