బూటబుల్ ఫ్లాష్ డ్రైవు తయారీ (ఆదేశ పంక్తి విధానము)

'''బూటబుల్ ఫ్లాష్ డ్రైవు''' అనగా కంప్యూటరులోని హార్డ్ డిస్కుతో నిమిత్తము లేకుండా, తనలోనున్న ఆపరేటింగ్ సిస్టంతోనే కంప్యూటరును ప్రారంభింపగల యూఎస్‌బీ నిల్వ సాధనము. సీడీ లేదా డీవీడీ కొరకు సిద్ధపరచిన డిస్కు ప్రతిబింబమును, అనగా ఐఎస్‌ఓ ఫైలును, ఫ్లాష్ డ్రైవుపై వ్రాసి దీనిని తయారుచేయుదురు. లినక్సులో ఇందుకు '''డీడీ''' అను చిన్న ఆదేశము చాలును. అయితే గమ్యము తప్పుగా ఇచ్చినను ఈ ఆదేశము ఎదురు ప్రశ్న వేయదు. చెప్పిన చోటనే వ్రాయును.

== నేపథ్యము ==
హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసినది. పిల్లల కొరకు బాల స్వేచ్ఛ అను మరియొక కూర్పును కూడా రూపొందించినది. ఆ రోజులలో ఇటువంటివి సీడీలపై చేతులు మారెడివి. తరువాతి కాలమున ల్యాప్‌టాపులలో సీడీ డ్రైవు కనుమరుగగుటచే ఆ స్థానమును ఫ్లాష్ డ్రైవు ఆక్రమించినది. పాతబడిన కంప్యూటరులో తెలుగు తెరను చూడగోరు విద్యార్థికి నేడు సులభమైన మార్గమిదే. హార్డ్ డిస్కును ముట్టకుండా పరీక్షించి చూడవచ్చును.

== ఫైలును నకలు చేసిన చాలదా? ==
చాలదు. నకలు చేసినపుడు ఐఎస్‌ఓ ఫైలు డ్రైవులో మరొక ఫైలుగా మాత్రమే ఉండును. పాత పద్ధతి బయోస్ ఫైళ్ళను చదవదు. డిస్కు మొదటి 512 బైట్లను మాత్రము చదివి, అందలి చిన్న ప్రోగ్రామునకు పని అప్పగించును. కావున ప్రతిబింబములోని మొదటి బైటు డ్రైవు యొక్క మొదటి బైటు కావలెను.

ఇచట ఒక చిక్కు కలదు. సీడీ నుండి ప్రారంభమగు పద్ధతిని 1995 నాటి ఎల్ టోరిటో నిర్దేశము నిర్ణయించినది. డిస్కు పద్ధతి వేరు. సీడీల ఫైలు అమరికయైన ఐఎస్‌ఓ 9660 మొదటి 32,768 బైట్లను వాడక విడిచిపెట్టినది. ఆ ఖాళీలో డిస్కు పద్ధతికి కావలసిన ప్రారంభ ప్రోగ్రామును, విభాగాల పట్టికను చేర్చిన దానిని ఐసోహైబ్రిడ్ ప్రతిబింబమందురు. నౌపడ జంక్షనులో ఒకే స్టేషను నుండి ప్రధాన మార్గమున చెన్నై వైపునకును, శాఖా మార్గమున గుణుపూరునకును బండ్లు పోవునట్లు, ఒకే ఫైలు రెండు మార్గములకును పనికివచ్చును. డెబియన్ 6 (2011) నుండి సాధారణ కంప్యూటరుల కొరకు ఇచ్చు ప్రతిబింబములు ఈ విధమైనవే. మరీ పాత ప్రతిబింబములకు ఈ సౌకర్యము ఉండకపోవచ్చును. ఎఫ్‌డిస్క్ ఆదేశముతో ఐఎస్‌ఓ ఫైలును పరిశీలించినపుడు విభాగములు కనిపించిన అది హైబ్రిడ్ అని తెలియును.

== విధానము ==
మొదట దిగుమతి చేసిన ఫైలు చెక్‌సమ్‌ను ఎస్‌హెచ్‌ఏ256సమ్ ఆదేశముతో లెక్కించి, ప్రచురణకర్తలు ఇచ్చిన విలువతో పోల్చవలెను. నెమ్మదియైన కనెక్షనుపై గంటల తరబడి దించిన ఫైలు మధ్యలో చెడిపోవుట అరుదు కాదు.

తరువాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశమును రెండుమార్లు ఇవ్వవలెను: డ్రైవును అమర్చక మునుపు ఒకసారి, అమర్చిన పిదప ఒకసారి. క్రొత్తగా కనిపించినదే ఫ్లాష్ డ్రైవు. దాని పరిమాణమును కూడా సరిచూడవలెను. డ్రైవులోని విభాగములు మౌంట్ అయియున్న యెడల యూమౌంట్ ఆదేశముతో విడదీయవలెను. పిమ్మట:

సుడో డీడీ ఐఎఫ్=స్వేచ్ఛ.ఐఎస్‌ఓ ఓఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ బీఎస్=4ఎం స్టేటస్=ప్రోగ్రెస్

ఇది ఇంగ్లీషు అక్షరములలో టైపు చేయవలసిన ఆదేశము. 4ఎంలోని ఎం తప్ప తక్కినవి చిన్న అక్షరములు. ఐఎఫ్ మూలమును, ఓఎఫ్ గమ్యమును తెలుపును; ఇచటి ఫైలు పేరు, గమ్యము పేరు ఉదాహరణలు మాత్రమే. బీఎస్ ఒక్కొక్కమారు వ్రాయు పరిమాణము. ఇది వేగమునకు సంబంధించినదే గాని ఫలితమును మార్చదు. గమ్యము ఎస్‌డీబీ కావలెను, ఎస్‌డీబీ1 కారాదు. అంకె చేర్చిన అది డ్రైవులోని ఒక విభాగమగును. అపుడు ప్రారంభ ప్రోగ్రాము తన చోటున పడదు. ఆదేశము ముగిసినట్లు తోచినను సింక్ అని ఇచ్చి, అది ముగియువరకు డ్రైవును తీయరాదు. వ్రాయవలసినదానిలో కొంత ఇంకను మెమరీలోనే నిలిచియుండవచ్చును.

== పొరపాటు జరిగినచో ==
డీడీ అను పేరు ఐబీఎం పెద్ద కంప్యూటరుల జాబ్ కంట్రోల్ భాష నుండి వచ్చినదందురు. 'డిస్క్ డిస్ట్రాయర్' అను పరిహాసపు విస్తరణ నిష్కారణముగా పుట్టలేదు. ఎస్‌డీబీకి బదులు ఎస్‌డీఏ అని ఒక్క అక్షరము తప్పినచో, అనేక కంప్యూటరులలో అది హార్డ్ డిస్కే యగును. ఈ అక్షరములు స్థిరములు కావు. నిన్నటి ఎస్‌డీబీ నేడు ఎస్‌డీసీ కావచ్చును. అందువలన పాత ఆదేశమును పై బాణము మీటతో తెచ్చి ఎంటరు నొక్కుట మంచి అలవాటు కాదు.

ఒక గిగాబైటు ప్రతిబింబమును హార్డ్ డిస్కుపై వ్రాసిన, మొదటి గిగాబైటులోని సమాచారము, దానితోపాటు విభాగాల పట్టిక, తుడిచిపెట్టుకొనిపోవును. అది తిరిగి రాదు. తక్కిన భాగములోని ఫైళ్ళను టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ వంటి సాధనములతో కొంతవరకు రాబట్టవచ్చును. అయితే ఆ డిస్కుపై ఇక ఏమియు వ్రాయకుండుట ముఖ్యము. పాఠశాలలో ఒకే కంప్యూటరు ఉండి, మార్కుల జాబితాలన్నియు అందులోనే ఉన్నపుడు ఈ పనిని వేరొక కంప్యూటరులో చేసికొనుట మేలు.

== ఇతర వ్యవస్థలు ==
మ్యాక్‌లోను డీడీ కలదు. డ్రైవు పేరును డిస్క్‌యుటిల్ ఆదేశముతో కనుగొందురు. విండోసు ప్రతిబింబములు సాధారణముగా హైబ్రిడ్ కావు గనుక డీడీ వాటికి పనికిరాదు. డిస్క్‌పార్ట్‌తో డ్రైవును శుభ్రపరచి, విభాగము చేసి, ఫార్మాటు చేసి, ఐఎస్‌ఓ లోపలి ఫైళ్ళను అందులోనికి నకలు చేయుదురు. ఫ్యాట్32 అమరికలో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లలోపు ఉండవలెను. విండోసు ప్రతిబింబములోని ముఖ్యమైన ఫైలు ఈ హద్దు దాటినపుడు దానిని ముక్కలు చేయవలసి వచ్చును. డిస్క్‌పార్ట్‌లోని క్లీన్ ఆదేశమును డీడీ వలెనే తప్పు డిస్కును విడిచిపెట్టదు.

పని ముగిసిన పిదప డ్రైవు అసలు పరిమాణము కన్న చిన్నదిగా కనిపించును. అది చెడిపోయినట్లు కాదు. వైప్‌ఎఫ్‌ఎస్ ఆదేశముతో పాత గుర్తులను తొలగించి, క్రొత్త విభాగమును ఏర్పరచి, తిరిగి ఫార్మాటు చేసిన యథాస్థితికి వచ్చును.