అధ్యక్షుని యింటి ఉత్తరములు



అమెరికా సంయుక్త రాష్ట్రములకు జార్జి వాషింగ్టను ప్రథమాధ్యక్షుడని మీరెఱిగినదే. ఆయన పిదప 1797 మొదలు 1801 వఱకు ఆ పదవి నలంకరించినవాడు జాను ఆడమ్సు. ఈయన భార్య అబిగైలు. ఈ దంపతులు పరస్పరము వ్రాసికొన్న ఉత్తరములలో 1,100 కు పైగా నేటికిని నిలిచియున్నవి. రాజ్యతంత్రమును, ఇంటి కష్టసుఖములును వానిలో కలిసియే కనబడును.

1764 వ సంవత్సరమున వివాహమైనపుడు వరునకు 28 ఏండ్లు, వధువునకు 19. అబిగైలు క్రైస్తవ మతాచార్యుని కుమార్తె. ఆమె యేనాడును బడికి పోలేదు. ఇంటనే చదువుకొని, తండ్రి గ్రంథములను పఠించెను. అయినను తన వ్రాతలో వర్ణక్రమదోషములున్నవని సిగ్గుపడి, తన ఉత్తరములను కాల్చివేయుడని భర్తను కోరెడిది. ఆయన కాల్చలేదు. ఆ మాట వినకపోవుటయే మనకు మేలైనది.

ఆంగ్లేయ ప్రభుత్వముతో పోరాటము సాగునపుడు భర్త ఫిలడెల్ఫియా నగరమున కాంగ్రెసు సభలో నుండగా, సేద్యమును, పిల్లల పోషణమును, లెక్కలను ఆమెయే చూచుకొనెను. యుద్ధము వలన సరకులు దొరకక, గుండుసూదులు కొని పంపుడని 1775 లో భర్తకు వ్రాసెను. దేశమునకు స్వాతంత్ర్యము నార్జింపబూనిన వానికి గుండుసూదుల బేరమును తప్పలేదు! ఆ సంవత్సరమే జూను 17 న ఏడేండ్ల కుమారుని వెంట గొని గుట్ట యెక్కి, దూరమున జరుగు బంకరు హిల్లు యుద్ధపు పొగను చూచెను. ఆ బాలుడే జాను క్విన్సీ ఆడమ్సు. 1825 లో తానును అధ్యక్షుడయ్యెను. తండ్రి ఆ శుభమును చూచెను గాని, తల్లి 1818 లోనే గతించెను.

1776 మార్చి 31 నాటి ఉత్తరము మిక్కిలి ప్రసిద్ధము. క్రొత్త శాసనములు చేయునపుడు స్త్రీలను మఱవవలదనియు, భర్తల చేతికి హద్దులేని యధికార మీయవలదనియు ఆమె వ్రాసెను. ఆడమ్సు గొప్ప న్యాయవాది. అయినను ఆ మాటకు నవ్వు వచ్చుచున్నదని బదులు వ్రాసెను. ఆ దేశమున స్త్రీకి వోటుహక్కును రాజ్యాంగమున చేర్చుటకు 1920 వఱకు, అనగా 144 ఏండ్లు, పట్టెను.

1800 నవంబరులో ఈ దంపతులే శ్వేతభవనమున తొలుత కాపురముండిరి. అప్పటి కా భవనము పూర్తికాలేదు. అక్కడికి వచ్చుచు అబిగైలు అడవిలో దారి తప్పెను. చుట్టును చెట్లే యున్నను, కొట్టువారు లేక వంటచెఱకు దొరకదయ్యెను. అధ్యక్షుని దర్శనశాలగా తలపెట్టిన పెద్ద గదిలో ఆమె ఉతికిన బట్టలారవేయించెను. ఈ యిబ్బందులను కుమార్తెకు వ్రాసి, ఎవరికిని చెప్పవలదని హెచ్చరించెను. ఆ రహస్యమును నేడు లోకమంతయు చదువుచున్నది.

1826 జూలై 4 న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగా 50 ఏండ్లు నిండిన దినమున, జాను ఆడమ్సు మరణించెను. ఆయన మిత్రుడును, ఒకప్పటి ప్రతిస్పర్ధియునగు తామసు జెఫర్సనుకూడ ఆ దినముననే గతించెను. 1840 లో మనుమడు చార్లెసు ఫ్రాన్సిసు ఆడమ్సు తన నాయనమ్మ ఉత్తరములను గ్రంథముగా ప్రకటించెను.

శాసనములు చేసిన సభలో అబిగైలునకు స్థానము లేదు. ఆమె పలుకు మనదాక వచ్చుటకు భర్త దాచిన కాగితములే కారణము. మన యిండ్ల పాతపెట్టెలలోను స్త్రీల చేవ్రాతలుండవచ్చును. వానిని పొయ్యిలో వేయకముందు ఒకసారి చదివి చూతము.