కోలారు బంగారం, నరసాపురం హాజరుపట్టీ

నరసాపురం అనగానే గోదావరి ఒడ్డున ఉన్న ఊరు గుర్తుకు రావడం సహజం. ఈ నరసాపురం వేరు. ఇది కర్ణాటకలో, కోలారుకు పడమర, బెంగళూరు రహదారి మీద ఉంది. ఈ జిల్లాలో బడిభాష కన్నడమైనా చాలా ఊళ్ళలో ఇంటిభాష తెలుగే. స్వేచ్ఛావిపణి, సంక్షేమరాజ్యం అనే రెండు సిద్ధాంతాలను మన విద్యార్థులు ఎదురెదురుగా నిలబెట్టి చదువుతుంటారు. కోలారు చరిత్ర ఆ విభజనకు అంత సులువుగా లొంగదు.

1880లో బంగారు గనుల నిర్వహణ జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చింది. లండన్ వాటాదారుల లాభం కోసం నడిచిన వ్యాపారమది. అయినా వసతి, వైద్యశాల ఏర్పరచింది ఆ వ్యాపారమే. ఉదారబుద్ధితో కాదు, వేల అడుగుల లోతుకు దిగే మనిషిని ఊళ్ళో నిలుపుకోవాలి గదా! 1902లో శివసముద్రం నుంచి గనులకు విద్యుత్తు తెచ్చింది మాత్రం మైసూరు సంస్థానం. నిఘాకూ లోటు లేదు. 1930లో వేలిముద్రలు తీసుకోబోతే కార్మికులు సమ్మె కట్టారు.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రానికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. ఇక్కడ ఒక లెక్క చూడాలి. బ్రెటన్‌వుడ్స్ ఏర్పాటులో బంగారం అధికార ధర ఔన్సుకు 35 డాలర్లు. కేంద్రం చాలాకాలం కోలారు బంగారాన్ని ఆ అధికార ధరకే తీసుకుంది. దేశంలోని బజారుధర అంతకంటే ఎంతో ఎక్కువ. గని పద్దులో నష్టం, ఖజానాలో బంగారం! ఖనిజం నాణ్యత తగ్గి, లోతుతోబాటు ఖర్చు పెరిగిన మాట నిజమే. కాని ఆ నష్టమంతా కార్మికుల సంక్షేమ భారమే అనడం నాకు న్యాయంగా తోచదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. వైద్యశాల కూడా మూతపడింది. గని కార్మికుల పిల్లలు పొద్దున్నే రైలెక్కి బెంగళూరికి పనికి వెళ్ళసాగారు.

ఆ తరవాత ఉపాధి నరసాపురానికి వచ్చింది. అక్కడి పారిశ్రామికవాడను ఏర్పాటు చేసింది ప్రభుత్వమే. 2020 డిసెంబరు 12న విస్ట్రాన్ ఐఫోన్ కర్మాగారంలో జీతాల గొడవ విధ్వంసానికి దారితీసింది. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులు. ప్రభుత్వ తనిఖీలో హాజరు నమోదులోనూ, జీతాల చెల్లింపులోనూ లోపాలు బయటపడ్డాయి. తొంభై ఏళ్ళ క్రితం హాజరును కచ్చితంగా పట్టుకోబోతే తగవు. ఇక్కడ హాజరు సరిగా ఎక్కకపోతే తగవు. రెండుచోట్లా పట్టీ రాసేది యజమానే.

2023లో ఆ కర్మాగారం టాటాల చేతికి వచ్చింది. అదే ఏడాది కర్ణాటక శాసనసభ రోజుకు 12 గంటల పనికి వీలిచ్చే సవరణను ఆమోదించింది. వారానికి 48 గంటల పరిమితిని మాత్రం ముట్టుకోలేదు.