పింఛను, రేషను నిలిపివేతలు: ఏలూరు–కొల్లేరు ప్రాంతం

అర్హత లేదని పింఛనో రేషనో ఆపేస్తే ఖజానాకు మిగిలే సొమ్ము లెక్కల్లో కనిపిస్తుంది. ఆ మనిషి తర్వాత ఎక్కి దిగే ఆఫీసు మెట్లు ఏ లెక్కలోకీ రావు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లోనూ ఆ భారం మోసేవి సచివాలయాలు, మండలాఫీసులు, సర్కారు ఆసుపత్రులే.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక కాలక్రమంలో తెల్లకార్డే పేదరికానికి గుర్తింపు అయింది. తర్వాత ఆరోగ్యశ్రీ వైద్యమూ దానితోనే ముడిపడింది. 2015లో చౌకడిపోల్లో ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. వల లాగి, ఐసులో చేపలు సర్ది అరిగిపోయిన వేళ్లకు ముద్ర పడదు. అలాంటివారికి వీఆర్వో తన వేలిముద్రతో సరుకులు ఇప్పించే ఏర్పాటు చేశారు. భూమి రికార్డులు చూడాల్సిన ఉద్యోగి ఆ మేరకు డిపో పనికీ వెళ్లాల్సి వచ్చింది.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పథకాల అర్హత తేల్చే ఆరంచెల వడపోత కూడా అప్పటిదే. ఆదాయం, భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, కరెంటు వాడకం వంటివి చూస్తారు. నెలకు 300 యూనిట్లు దాటితే అనర్హత. ఒకరి ఆధార్‌కు ఇంకొకరి మీటరు ముడిపడి ఉంటే, ఒంటిబల్బు ఇంట్లోని ముసలమ్మకూ పింఛను ఆగుతుంది. ఆ ముడి విడిపించుకోవాలంటే ముందు విద్యుత్ ఆఫీసుకు, అక్కణ్ణుంచి కాగితం పట్టుకుని సచివాలయానికి, ఆపైన ఎంపీడీవో దగ్గరికి వెళ్లాలి. తప్పు కంప్యూటరుది, తిరుగుడు ఆమెది. లంక గ్రామం వారికైతే అది ఒకరోజు కూలీ, ఆటో ఖర్చు.

ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 2012 చట్టం కింద నిరుద్యోగ భృతిని మూడేళ్ల దాకా ఆపేవారు. ఆ కోతల వల్ల ఇతర ప్రభుత్వ శాఖలపై పడే ఖర్చు సంబంధిత శాఖకే తెలియదని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2016లో తప్పుపట్టింది.

2025లో రాష్ట్రమంతటా దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగింది. అనర్హులను ఏరివేయాలన్న ఉద్దేశం న్యాయమైనదే. కానీ ఎముకల డాక్టరు, కంటి డాక్టరు సదరం (వైకల్య నిర్ధారణ) పరీక్షల్లో కూర్చున్న వేళ రోజువారీ ఓపీ రోగులు వేచి ఉండక తప్పదు. వైకల్యం 40 శాతం లోపు ఉందని తేలినవారికి ఆగస్టులో నోటీసులు వెళ్లాయి. నిరసనలు రేగాక అప్పీలుకు అవకాశమిచ్చారు. దాంతో అర్జీలు మండలాఫీసులకు, మనుషులు మళ్లీ ఆసుపత్రులకు చేరారు.