అంగులిమాలుణ్ణి బుద్ధుడు దాచలేదు

కొన్నేళ్ల కిందట ఒక విహారంలో ధ్యాన శిబిరం జరిగింది. మూడో రోజు రాత్రి ఒక ఉపాసకుడు భంతే ఎదుట కూర్చుని ఏడ్చాడు. తన దగ్గరికి చదువు చెప్పించుకోవడానికి వచ్చే ఒక చిన్నపిల్ల పట్ల చేయరాని పని చేశానని ఒప్పుకున్నాడు. భంతే ఆ రాత్రి నిద్రపోలేదు. లా చదివినదాన్ని కదా అని పొద్దున్నే నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి విహార కమిటీవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. "అక్కా, అది భంతే దగ్గర ఒప్పుకున్న తప్పు. బయటపెడితే ధమ్మానికి విరుద్ధం. పైగా ఉద్యమం పరువు పోతుంది" అన్నారు.

వాళ్లను ఆపుతున్నది రెండో కారణమేనని నాకు అర్థమైంది. కానీ మొదటి కారణాన్ని చాలామంది నిజంగానే నమ్ముతారు. చర్చిలో ఫాదర్ చెవిలో చెప్పిన మాట ఫాదర్‌తోనే సమాధి అవుతుందని సినిమాల్లో చూశాం. మన భంతేలకూ అలాంటి నియమమే ఉంటుందని అనుకుంటాం. ఆ నియమం కాథలిక్కులది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారైనా గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలని శాసించి, విన్న గురువు నోటికి తాళం వేసింది. బుద్ధుని సంఘంలో తప్పు ఒప్పుకోలు పుట్టిన తీరు వేరు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఉపోసథను కన్ఫెషన్ అనే మాటతోనే పరిచయం చేశారు. కానీ ఒక లాయరు చూపుతో రెండు విషయాలను విడదీశారు. నేరాలకు సంఘంలో విచారణ ఉంది. విచారణకు అందని శీల నియమాల కోసం భిక్ఖువు మనస్సాక్షినే కాపలా పెట్టేందుకు ఒప్పుకోలు ఉంది. అదీ నలుగురి ఎదుట. పక్షానికొకసారి పాతిమోక్ఖం చదువుతారు, పరిశుద్ధులేనా అని మూడుసార్లు అడుగుతారు. ఆ ఒప్పుకోలు నేర విచారణకు బదులు కాదు.

అయితే కమిటీలో ఒక పెద్దాయన వినయ పిటకం చదివినవాడు. "భిక్ఖువు చేసిన పెద్ద తప్పును గృహస్థులకు చెప్పకూడదని పాచిత్తియ నియమం ఉంది కదా" అన్నాడు. ఉంది, తొమ్మిదోది. దాని వెనక కథ కూడా ఉంది. ఉపనందుడితో గొడవపడ్డ ఆరుగురు భిక్ఖువుల ముఠా, అతను చేసిన తప్పును భోజనం పెట్టే దాతల ముందు బయటపెట్టి పరువు తీసింది. పగతో చేసే చాడీలను ఆపడానికి ఆ నియమం వచ్చింది. అందులోనే 'సంఘం అనుమతి ఉంటే తప్ప' అనే మాట ఉంది. సంఘం అలా చెప్పించిన సందర్భమూ ఉంది. దేవదత్తుడి సంగతి ముదిరినప్పుడు, ఇకపై అతని పనులకు సంఘానికి సంబంధం లేదని రాజగృహ ప్రజల ముందు ప్రకటించడానికి సంఘం సారిపుత్తుణ్ణి నియమించింది.

ఆ పెద్దాయన 64వ పాచిత్తియం ఎత్తలేదు. సాటి భిక్ఖువు చేసిన పెద్ద తప్పును తెలిసీ దాచిపెట్టడం కూడా తప్పేనని ఆ నియమం చెబుతుంది. అక్కడా ఉపనందుడే కనిపిస్తాడు. తన తప్పు ఇంకో భిక్ఖువుకు చెప్పి, ఎవరితోనూ అనవద్దని అడుగుతాడు. భిక్ఖునీల విషయంలో నియమం మరీ కఠినం. సాటి భిక్ఖుని చేసిన పారాజికాన్ని తెలిసీ దాచిన భిక్ఖునికి కూడా పారాజికమే, అంటే సంఘం నుంచి శాశ్వతంగా పోవడం. ఒకే సంఘంలో దాచిన ఆడవాళ్లకు ఒక శిక్ష, మగవాళ్లకు దానిలో పిసరంత. ఈ తేడా నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

64వ నియమానికి మినహాయింపులూ ఉన్నాయి. చెబితే సంఘంలో కలహం రేగుతుందని, చీలిక వస్తుందని భావించి ఊరుకున్నవాడికి దోషం లేదు. ప్రాణభయంతో ఊరుకున్నవాడికీ లేదు. రెండోది న్యాయమే. మొదటిదాన్ని చదివినప్పుడల్లా నాకు కమిటీలు గుర్తొస్తాయి. 'సంస్థ చీలిపోతుంది' అన్న మాట వెనక ఎన్ని నేరాలు దాక్కున్నాయో నా పనిలో చూశాను.

ఇంతకీ ఈ నియమాలన్నీ భిక్ఖువుల తప్పుల గురించి. మన ఉపాసకుడు పాతిమోక్ఖం కిందికే రాడు. అతను చెప్పిన నేరాన్ని రహస్యంగా ఉంచమనే నియమం తొమ్మిదో పాచిత్తియంలో లేదు.

రాజ్య చట్టంతో సంఘానికి ఉన్న సంబంధం ఎలాంటిదో వినయంలోనే కనిపిస్తుంది. కుమ్మరి కొడుకు ధనియుడు భిక్ఖువయ్యాక కుటీరం కోసం రాజుగారి కలప తీసుకుపోయాడు. దొంగతనం ఎంతైతే పారాజికమో తేల్చాల్సి వచ్చింది. పూర్వాశ్రమంలో న్యాయాధికారిగా పనిచేసిన ఒక భిక్ఖువు అక్కడ ఉన్నాడు. బింబిసారుడు ఎంత దొంగతనానికి శిక్ష వేస్తాడని బుద్ధుడు అతన్ని అడిగాడు. ఒక పాద, అంటే ఐదు మాసకాలు అన్నాడతను. సంఘంలోనూ అదే గీత అయింది. రాజు దృష్టిలో నేరమైనది సంఘం గుమ్మంలో అడుగుపెట్టగానే చిన్నది కాలేదు.

మహావగ్గంలో ఇంకా సూటిగా ఉంది. శాక్యపుత్రుని దగ్గర ప్రవ్రజ్య తీసుకున్నవాళ్లను ఎవరూ ఏమీ చేయకూడదని బింబిసారుడు ఆజ్ఞ ఇచ్చాడు. మంచి ఉద్దేశమే. దాంతో జైలు పగలగొట్టుకుని పారిపోయిన దొంగ ఒకడు వచ్చి కాషాయం కట్టాడు. ఈ శ్రమణులు అభయం పొందినవాళ్లు, వీళ్లను ఏమీ చేయలేమని జనం గొణుక్కున్నారు. రాజు ఇచ్చిన రక్షణను బుద్ధుడు తన సంఘానికి లాభంగా చూసుకోలేదు. జైలు తప్పించుకున్న దొంగకు, కనిపిస్తే చంపమని రాజు ప్రకటించిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వకూడదని తలుపు మూశాడు. పేరుమోసిన దొంగకు ప్రవ్రజ్య వద్దన్న నియమం అంగులిమాలుడి వల్లే వచ్చింది.

అంగులిమాలుడి కథ మనం పిల్లలకు కరుణ కథగా చెబుతాం. నడుమ ఒక ఘట్టం దాటేస్తాం. అతన్ని పట్టుకోవడానికి పసేనది రాజు ఐదువందల గుర్రాలతో బయలుదేరి, దారిలో జేతవనానికి వచ్చాడు. అంగులిమాలుడు అక్కడే, బోడిగుండుతో, చీవరంలో కూర్చుని ఉన్నాడు. బుద్ధుడు మౌనంగా ఉండి ఉంటే రాజు వెళ్లిపోయేవాడే. కానీ బుద్ధుడు కుడిచేయి చాచి, ఇతనే అంగులిమాలుడని చూపించాడు. శిక్షించాలో క్షమించాలో రాజు చేతిలో పెట్టాడు. రాజు క్షమించాడు. జనం క్షమించలేదు, భిక్షకు వెళితే రాళ్లు పడ్డాయి. తల పగిలి తిరిగివచ్చిన అతన్ని ఓర్చుకోమన్నాడే కానీ బుద్ధుడు దాచిపెట్టలేదు.

ఇక మన చట్టం. 1872 నాటి సాక్ష్య చట్టం భార్యాభర్తల మధ్య మాటలకు, లాయరుకూ కక్షిదారుకూ మధ్య మాటలకు రక్షణ ఇచ్చింది. మత గురువులకు ఇవ్వలేదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఇవ్వలేదు. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఇంకా ముందుకెళ్లింది. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పూజారి, పాస్టరు, మౌల్వీ, భంతే, ఎవరికీ మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది వరకు. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు పెట్టకుండా రక్షణ కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇవన్నీ ఆ పొద్దున్న అదే వరసలో చెప్పలేదు. అంగులిమాలుడి సంగతి మాత్రం గుర్తుచేశాను. భంతే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ ఉపాసకుణ్ణి పిలిచి, "నువ్వు నాతో చెప్పావు. నేను దాచను. స్టేషన్‌కు నాతో కలిసి వస్తావా, నన్ను ఒక్కణ్ణే వెళ్లమంటావా?" అని అడిగారు. అతను రాలేదు. ఫిర్యాదు కాగితం నేను రాశాను, సంతకం భంతే పెట్టారు. కమిటీలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆ పిల్ల తల్లి మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది.